నేలకు దించే పాఠం

ఆ ఏడాది జూన్‌లో బడులు తెరిచిన రోజు, రిజిస్టరులో పేరున్న పిల్లలెవరూ నేల మీద నిలబడలేదు. అందరూ గాల్లోకి లేచి తరగతి గది కప్పుకు వీపు ఆనించి కూర్చున్నారు. ఇందులో కంగారు పడవలసింది ఏమీ లేదని అదే సాయంత్రం ప్రకృతి నియమాల అమలు విభాగం వివరణ ఇచ్చింది. పాఠం చెప్పించుకోకుండానే పిల్లలు ఏళ్ల తరబడి గురుత్వాకర్షణను వాడేసుకుంటున్నారని ఆడిట్‌లో అభ్యంతరం వచ్చింది. అర్హత లేకుండా లబ్ధి పొందడమే కదా అది. ఇకమీదట శిక్షణ పొందిన టీచరు, వయసుకు తగిన స్థాయిలో పాఠం చెప్పిన తర్వాతే ఆ నియమం ఆ పిల్లకు వర్తిస్తుంది.

అభ్యంతరం సబబుగానే ఉందని పత్రికలు రాశాయి. పెద్దవాళ్లకు పాత పద్ధతే కొనసాగుతుంది. బడిలో పేరు లేని పిల్లలు విభాగం పరిధిలోకి రారు కనుక వాళ్లు ఎప్పటిలాగే కింద పడవచ్చు. రాళ్లు, గిన్నెలు, సుద్దముక్కలు ఏ బడిలోనూ చేరలేదు. అవీ పడుతూనే ఉన్నాయి.

పుల్లగుంట బడిలో టీచరు హైమావతి ఒక్కతే. ఒకే గది, ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, పదకొండు మంది పిల్లలు. మొదటి రోజు వాళ్లందరినీ తల పైకెత్తి చూసి, ఆమె ముందు చేసిన పని ఫ్యాన్ స్విచ్ మీద అట్టముక్క పెట్టి ప్లాస్టరు అంటించడం. రెండో పని, బల్ల మీద స్టూలు వేసుకుని ఎక్కి, కప్పు మీదే సుద్దతో అక్షరాలు రాయడం. వారం తిరిగేసరికి మెడనొప్పి తప్ప మరే ఇబ్బందీ లేదు. పిల్లలకైతే అసలే లేదు.

ఆ పదకొండు మందిలో అందరికంటే తేలికైనది రెండో తరగతి కెజియా. మిగతా వాళ్లు కప్పుకు ఆనుకుని ఉంటే, అది కప్పుకు అతుక్కుని ఉండేది. బల్లులతో మాట్లాడేది. ఆగిపోయిన ఫ్యాను రెక్కల మీది దుమ్ములో వేలితో తన పేరు రాసుకుంది. ఆ పేరు సగమే వచ్చేది మొన్నటిదాకా. పైన కూర్చున్నాకే పూర్తిగా రాసింది.

సాయంత్రం బడి వదిలేవేళకు తల్లులు తాళ్లు తెచ్చుకునేవారు. ప్రతి పిల్లకీ విభాగం ఒక బెల్టు ఇచ్చింది. దానికి ఇనుప రింగు ఉంటుంది. తాడు ఆ రింగుకు కట్టి, పిల్లను గుమ్మం కిందుగా వంచి బయటికి తీసి, ఇంటికి తీసుకుపోవాలి. ఇంట్లో రోలుకో మంచం కోడుకో కట్టేయాలి. పుల్లగుంట వీధుల్లో సాయంత్రం పూట ఆడవాళ్లు నడుస్తుంటే వాళ్ల తలల మీదుగా పిల్లలు తేలుతూ పోయేవారు. చూసేవాళ్లకు అదొక తిరునాళ్లలా ఉండేది. రెండో వారానికి చూసేవాళ్లు కూడా మానేశారు.

కెజియా తల్లి రూతమ్మ మిరపచేలలో కూలికి పోయే మనిషి. ఒకరోజు తాడు ముడి వేస్తూ అడిగింది.

“టీచరమ్మా, పేరు తీసేస్తే పిల్ల దిగుద్దంట గదా? నిజమేనా?”

“నిజమే.”

“మా మరిది అట్టే తీయించేశాడమ్మా వాళ్ల పిల్లోడి పేరు. నిన్న పత్తి చేలో కనపడ్డాడు. ఎంచక్కా నడుస్తన్నాడు. గంప నెత్తినెట్టుకుని మరీ.”

“మరి కెజియా పేరు తీసేయమంటావా?”

రూతమ్మ తాడు ఒకసారి లాగి చూసుకుంది. “నడిచేది చేలోకే అయితే, దిగి మాత్రం ఏం జేసుద్ది? వద్దులే. పైనుంటే పైనుంది, బళ్లో ఉంది గదా. కాకపోతే ఆషాఢం గాలి వచ్చేలోపల నేల మీదికి దించమ్మా. నాకు గాలంటేనే భయం.”

“దించుతాను” అంది హైమావతి.

ఆమె ఆ మాట ఊరికే అనలేదు. అప్పటికే ఒకసారి ప్రయత్నించింది. శిక్షణ లేకపోతేనేం, పడటం అంటే ఏమిటో తనకు తెలియదా? ఒక మధ్యాహ్నం తలుపు మూసి, గులకరాయి చేత్తో పట్టుకుని, “చూడండర్రా, వదిలేస్తే ఏ వస్తువైనా కిందికే పడుతుంది” అని చెప్పింది. రాయి పడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒక్కరూ దిగలేదు. ఆమె లాగిన్ ఇంకా యాక్టివేట్ కాలేదు.

శిక్షణలు పై తరగతుల నుంచి కిందికి వస్తున్నాయి. పదో తరగతికి పబ్లిక్ పరీక్షలుంటాయి కాబట్టి గురుత్వాకర్షణ ముందు పదో తరగతికి కావాలి. అది మూడో స్థాయి. తర్వాత రెండో స్థాయి, దానిని ఈసారి మూడో తరగతి దాకా దించారు. ఒకటి, రెండు తరగతుల వాళ్లకు ఒకటో స్థాయి. ‘వస్తువులు కింద పడును’ అనే ఆ ఒక్క వాక్యపు పుస్తకం ఇంకా అచ్చులో ఉంది. దసరా తర్వాత వస్తుందన్నారు.

రెండో స్థాయి శిక్షణ మండల కేంద్రంలోని హైస్కూల్లో జరిగింది. రాష్ట్ర స్థాయిలో ఐదు రోజులు చెప్పినది జిల్లాకు వచ్చేసరికి మూడు రోజులైంది, మండలానికి వచ్చేసరికి ఒక పూట అయింది. ఆ పూటలో టీ విరామం కూడా ఉంది. చెప్పేవాడు రిసోర్స్ పర్సన్ చిరంజీవులు మాస్టారు. ఎత్తుగా, నిదానంగా ఉండే మనిషి. ఏ ప్రశ్న అడిగినా ముందు కళ్లద్దాలు తుడుచుకుంటాడు.

“యాప్‌లో ప్రయోగం ఫొటో పెట్టాలి” అన్నాడాయన. “రాయి గాల్లో ఉండగా తీస్తే, రాయి పడలేదు అని వెనక్కి పంపుతున్నారు. నేల మీద ఉండగా తీస్తే, ఇది మొదట్నించీ అక్కడే ఉంది అంటున్నారు.”

“మరి ఎప్పుడు తీయాలి సార్?” అన్నాడు వెనక బెంచీ నుంచి ఒకాయన.

“అదే నేనూ అడిగా. పై నుంచి సమాధానం రాలేదు. ప్రస్తుతానికి రాయి ఫొటో కాకుండా మీ ఫొటో పెట్టండి. తీసుకుంటంది.”

అందరూ తమ ఫొటోలు పెట్టారు. అందరికీ సర్టిఫికెట్లు వచ్చాయి.

చివర్లో చిరంజీవులు గొంతు కాస్త తగ్గించాడు. “ఒక్క జాగ్రత్త. ఏ స్థాయి పాఠం ఆ స్థాయి పిల్లలే వినాలి. పక్క మండలంలో ఒకటో తరగతి పిల్లాడు తల్లి తాడు వెంట అక్క కోసం వచ్చి, గుమ్మంలో తేలుతూ పదో తరగతి పాఠం విన్నాడు. మొత్తం సూత్రం వాడి మీద పడింది. ఇప్పటికీ చాప మీదే ఉన్నాడు. నలుగురు మగాళ్లు పట్టినా చెయ్యి లేవటం లేదు. అందుకని మీరు రెండో స్థాయి చెప్పేటప్పుడు చిన్నపిల్లల్ని గదిలో ఉంచొద్దు. బయట కూర్చోబెట్టండి.”

గదిలో పెన్నులు కదిలాయి. చిన్నపిల్లల్ని బయట కూర్చోబెట్టవలెను అని అందరూ రాసుకున్నారు. ఆ వాక్యం ఎక్కడో పై స్థాయిలో, చాలా గదులున్న భవనంలో, జాగ్రత్తగల మనిషి ఎవరో రాసింది. బయట అంటే పక్క గది అని ఆయన ఉద్దేశం.

హైమావతి లేచింది. “సార్, మాది ఒకటే గది. బయట అంటే ఆకాశమే.”

చిరంజీవులు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. “వరండా ఉందిగా మీకు.”

“లేదండీ.”

“యాప్‌లో ఉంది మేడమ్. ఫొటో కూడా ఉంది. స్తంభాలకు రంగు కూడా వేశారు.”

“అది మా వరండా కాదు సార్. మాకు కట్టలేదు.”

“కట్టలేదని రాసిస్తారా?” ఆయన చుట్టూ చూసి దగ్గరికి వచ్చాడు. మాట మర్యాదగానే ఉంది. “రాసిస్తే సౌకర్యాలు లేని బడి అవుతుంది. రేపే మూసేసి మెట్టూరు బడిలో కలుపుతారు. మెట్టూరు ఎంత దూరం మీకు?”

“ఏరు దాటాలి.”

“మరి ఆ పిల్లలు తేలుకుంటా రోజూ ఏరు దాటాల. ఆలోచించుకోండి.”

హైమావతి ఆలోచించుకుంది. ఇంకొక్క ప్రశ్న అడిగింది. “చెవుల్లో దూది పెట్టి లోపలే ఉంచితే?”

“దూది గురించి మాడ్యూల్‌లో ఏమీ లేదు మేడమ్. ఏడేళ్ల ఎముకలు. రిస్క్ మీరు తీసుకుంటారా?”

ఆమె తీసుకోలేదు. కూర్చుంది. భోజనాల్లో ఆ రోజు వంకాయ కూర బాగుందని అందరూ అన్నారు.

పుల్లగుంటలో డెమో పాఠం ఆషాఢం మధ్యలో పడింది. పరిశీలకుడిగా చిరంజీవులే వచ్చాడు. వాయిదా వేయమని హైమావతి పొద్దున్నే ఫోను చేసింది. గాలి బాగా ఉంది సార్ అంది. మండలమంతటా ఇవాళే డెమో, పోర్టల్ సాయంత్రానికి మూసేస్తారు, ఇవాళ దిగని పెద్దపిల్లలు ఈ విద్యాసంవత్సరానికి దిగనట్టే అన్నాడాయన. పైన మూడు నుంచి ఐదు తరగతుల వాళ్లు ఆరుగురున్నారు. వాళ్ల ఆరుగురి నేల ఒకవైపు, ఐదుగురు చిన్నవాళ్ల ఆకాశం ఒకవైపు.

ఆమె చేయగలిగినవన్నీ చేసింది. కొత్త నైలాను తాళ్లు తెప్పించింది. చిన్నపిల్లల తల్లులను పనికి పోవద్దని బతిమాలి పిలిపించింది. ప్రతి తాడూ రెండు చోట్ల ముడివేసింది. ఒక కొస జెండా స్తంభానికి, మధ్యలో తల్లి చేతికి. పిల్లలు స్తంభం చుట్టూ గాలిపటాల్లా లేచి, పక్కకు వాలి, కిలకిలా నవ్వుతున్నారు.

“గట్టిగా పట్టుకో రూతమ్మా.”

“తొమ్మిది నెలలు మోశానమ్మా. ఈ కాసేపు పట్టుకోలేనా? నువ్వు పోయి పాఠం చెప్పు.”

హైమావతి లోపలికి వెళ్లి తలుపు వేసింది. కింద పరుపులు, బొంతలు పరిచి ఉన్నాయి. చిరంజీవులు మూల కుర్చీలో కూర్చుని సెల్‌ఫోనులో వీడియో పెట్టాడు. ఆమె కప్పుకేసి చూసి మొదలుపెట్టింది. భూమి ప్రతి వస్తువునూ తన వైపుకు లాక్కుంటుంది. ఆ లాగుడునే మనం బరువు అంటాం. ఒక్కో వాక్యానికీ పైనున్న ఆరుగురూ కొంచెం కొంచెం కిందికి జారుతున్నారు. వాళ్ల ముఖాల్లో నవ్వు తగ్గుతోంది. ఐదో తరగతి కుర్రాడు నడుము ఎత్తుకు వచ్చేసరికి కాళ్లు చాపి నేల కోసం వెతికాడు.

అప్పుడు బయటినుంచి కేక వినిపించింది.

“పాఠం మధ్యలో ఆపొద్దు మేడమ్” అన్నాడు చిరంజీవులు. “సగంలో ఆపితే సగంలోనే ఉండిపోతారు.”

ఆయన చెప్పింది నిజం. ఆమెకూ తెలుసు. కాబట్టి హైమావతి చివరి వాక్యాలు రెండూ చెప్పింది. గొంతు పగిలేలా, ఊపిరి తీసుకోకుండా చెప్పింది. ఆరుగురూ బొంతల మీద దబ్బున పడ్డారు. ఆ చప్పుడు చెవిన పడగానే తలుపు తీసుకుని పరిగెత్తింది.

తాడు తెగలేదు. ముడి ఊడలేదు. రూతమ్మ చేతిలో తాడు అలాగే ఉంది. దాని కొసన రింగు, రింగుకు బెల్టు, అంతా సరిగ్గా ఉంది. బెల్టులో పిల్ల లేదు. ఒకటో తరగతికీ ఐదో తరగతికీ బెల్టు సైజు ఒక్కటే. గాలి ఒక్క విసురు విసిరేసరికి కెజియా సన్నని నడుము అందులోంచి జారిపోయింది.

అది వేపచెట్టు కొమ్మల దగ్గర ఉంది. ఏడవటం లేదు. రెండు చేతులూ చాపుకుని కిందికి చూస్తోంది.

“టీచర్! మా ఇల్లు కనపడతంది! మా ఇల్లు!”

“పేరు తీసెయ్యమ్మా!” రూతమ్మ హైమావతి భుజాలు పట్టుకుని ఊపేసింది. “తీసెయ్! బడీ వద్దు, ఏమీ వద్దు! దించెయ్ నా పిల్లని!”

పుల్లగుంటలో సిగ్నల్ బడి వెనక దిబ్బ మీదే వస్తుంది. ఇద్దరూ ఎక్కారు. హైమావతి యాప్ తెరిచింది. పాస్‌వర్డ్ తప్పు కొట్టింది. మళ్లీ కొట్టింది. విద్యార్థుల జాబితా వచ్చింది. కెజియా పేరు మీద వేలు పెట్టింది. తొలగించు. కారణం ఎంచుకోండి అంది యాప్. వలస, వివాహం, మరణం, ఇతరములు. ఇతరములు నొక్కింది. చిన్న చక్రం ఒకటి తెర మధ్యన తిరుగుతూ ఉంది. కెజియా వేపచెట్టు దాటింది. ఏటవతలి సెల్‌టవరుకు సరిసమానం అయింది. దాని కాలి చెప్పు ఒకటి ఊడి నిటారుగా కిందికి వచ్చి, దిబ్బ మీద, రూతమ్మ ముందే పడింది. చెప్పుకు బడిలో పేరు లేదు. పడినచోట మట్టి గుంటపడింది.

తెర మీద అక్షరాలు వచ్చాయి. ఖాయమేనా? అవును, కాదు.

హైమావతి బొటనవేలు తెర మీదికి వెళ్లింది. రూతమ్మ ఆ చెప్పును చూసింది. మట్టిలో పడిన గుంటను చూసింది. తర్వాత తలెత్తి పైకి చూసింది. ఇప్పుడు కెజియా ఒక కొంగంత ఉంది.

రూతమ్మ రెండు చేతులతో టీచరు చెయ్యి పట్టేసుకుంది.

“వద్దు” అంది. “వద్దమ్మా. నొక్కబాకు. ఇప్పుడు నొక్కబాకు.”

హైమావతి ‘కాదు’ నొక్కింది. ఇద్దరూ ఆ దిబ్బ మీద కూర్చుండిపోయారు. మెడలు నొప్పి పుట్టేదాకా చూశారు. ఆ తర్వాత చూడటానికి ఏమీ లేదు.

చిరంజీవులు కాసేపటికి దిబ్బ దగ్గరికి వచ్చాడు. రూతమ్మకు వినపడనంత దూరంలో నిలబడి టీచరును పిలిచాడు.

“ఆరుగురు దిగారు. డెమో అప్‌లోడ్ అయింది.” కళ్లద్దాలు తుడుచుకున్నాడు. “రేపటి నుంచి ఆ పాపకు హాజరు వెయ్యండి మేడమ్. మానకుండా వెయ్యండి. వరుసగా కొన్నాళ్లు గైర్హాజరు పడితే పేరు దానంతటదే తీసేస్తది యాప్. మనల్ని అడగదు.”

“తీసేస్తే?”

ఆయన వెనక్కి తిరిగాడు. బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు.

మరునాటి నుంచి హైమావతి హాజరు వేసింది. రూతమ్మ పొద్దున్నే చేలోకి పోతూ బడి కిటికీ దగ్గర ఆగేది.

“ఏశావా అమ్మా?”

“వేశాను.”

అంతే. తర్వాత పనికి పోయేది. దసరా తర్వాత ఒకటో స్థాయి పుస్తకం వచ్చింది. ఆ పాఠం చెప్పిన రోజు మాత్రం హైమావతి కెజియాకు గైర్హాజరు వేసింది, హాజరై ఉంటే పాఠం విన్నట్టు లెక్క కదా. ఆ ఒక్కరోజు రూతమ్మ పనికి పోలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బడి ముందు ఆకాశం కింద కొంగు చాచి పట్టుకుని నిలబడింది. మిగతా నలుగురు చిన్నపిల్లలూ నిమ్మళంగా దిగారు. హైమావతి స్విచ్ మీది అట్ట తీసి ఫ్యాను వేసింది.

మేఘాలు లేని రోజుల్లో దక్షిణంగా పోయే లారీ డ్రైవర్లు పైన చిన్న చిన్న చుక్కలు చూశామని చెప్పేవారు. ఒక్కటి కాదట, చాలానట. ఎత్తుకు పోయాక అందరూ ఒకచోట చేరతారని, పెద్దపిల్లలు చిన్నవాళ్లను చూసుకుంటారని ఒక మాట పుట్టింది. విభాగం దాన్ని ఖండించలేదు. ఇప్పటిదాకా ఎవరూ కింద పడినట్టు సమాచారం లేదని మాత్రం అంది. ఏడాది చివర పుల్లగుంట బడికి ఉత్తమ హాజరు ప్రశంసాపత్రం వచ్చింది. కెజియా మూడో తరగతికి పాసైంది.

వేసవి సెలవులు ఇవ్వకముందే బదిలీల వార్త వచ్చింది. ఒకేచోట ఇన్నేళ్లు పనిచేసిన టీచరు తప్పనిసరిగా కదలాలి. పుల్లగుంటకు ఎవరు వస్తారో ఎవరికీ తెలియదు. ఆ వార్త విన్నప్పటి నుంచి రూతమ్మ కిటికీ దగ్గర ఒకటే ప్రశ్న.

“వచ్చేవాళ్లు ఎట్టాంటోళ్లమ్మా?”

“మంచివాళ్లే వస్తారు రూతమ్మా.”

“మంచోళ్లు అంటే? బళ్లో లేని పిల్లకి హాజరు ఏసేవాళ్లా, ఏయనోళ్లా?”

హైమావతి రిజిస్టరు మూసింది. వచ్చేవాడు నిజాయితీపరుడైతే మొదటిరోజే పిల్లల్ని లెక్కపెడతాడు. ఒకరు తక్కువ వస్తారు. నిజాయితీగా ఆ పేరు తీసేస్తాడు.

అందుకే ఆమె జిల్లా కేంద్రానికి బదిలీ మినహాయింపు అర్జీ పట్టుకుని వెళ్లింది. పుల్లగుంటకు బస్సు లేదు, సరైన సిగ్నల్ లేదు, మంచినీళ్లు లేవు. అలాంటి ఊళ్లో ఉంచమని అడిగేది తానొక్కతే అయి ఉంటుందని, ఎవరైనా ఎందుకని అడిగితే ఏం చెప్పాలా అని దారంతా ఆలోచించింది.

ఆవరణలో లైను గేటు దాటి రోడ్డు మీదికి వచ్చి ఉంది. అందరూ టీచర్లే. అందరి చేతుల్లో అదే అర్జీ. కొండ మీది ఊళ్లు, ఏటవతలి ఊళ్లు, దారి లేని తండాలు. ఒక అధికారి మెట్ల మీద నిలబడి పక్కాయనతో అంటున్నాడు. “ఏమన్నా అనండి సార్, ఈ తరం టీచర్లకు పల్లె బడులంటే ఇంత ప్రేమ ఉంటుందని నేననుకోలా.”

హైమావతి చివర నిలబడింది. ఎండ మండిపోతోంది. అయినా లైనులో ఎవరూ నెత్తిన గొడుగు వేసుకోలేదు. మధ్యమధ్య ఒక్కొక్కరూ తల పైకెత్తి చూసి, మళ్లీ దించుకుంటున్నారు.

ఆమె ముందు నిలబడ్డ నడివయసు మాస్టారు వెనక్కి తిరిగాడు. ఆమె చేతిలోని అర్జీ చూశాడు. పేరు అడగలేదు. ఊరు అడగలేదు.

“ఎంతమంది మేడమ్ మీకు?”

“ఒక్కతే” అంది హైమావతి. “మీకు?”

“ముగ్గురు. ఒకే ఇంటి పిల్లలు.” ఆయన రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. “ఒక్కరంటే తేలికేలెండి. నెట్ పోయిన రోజున కూడా ఎట్టనో నెట్టుకురావచ్చు.”

లైను కదిలింది. ఇద్దరూ ఒక అడుగు ముందుకు వేశారు.